శిక్షణ ముగిసేలోగా మీ చేతికి రావలసిన పని

ప్రశ్న: నేను ఎలక్ట్రికల్ అప్రెంటిస్‌గా పని నేర్చుకుంటున్నాను. శిక్షణ ముగియడానికి ఇంకా ఐదు నెలలే ఉన్నాయి. పైపులు వేయడం, వైర్లు లాగడం, బోర్డులు బిగించడం బాగా వచ్చు. కానీ పని పూర్తయ్యాక పరీక్షలన్నీ మా మేస్త్రిగారే చేస్తారు, నా చేతికి మీటరు వచ్చిన సందర్భాలు చాలా తక్కువ. ఎక్కడైనా కరెంటు రాకపోతే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆయన కోసం ఎదురుచూస్తాను. ఇప్పుడు అడిగితే ‘ఇన్నాళ్లూ ఏం నేర్చుకున్నావు’ అంటారేమోనని భయంగా ఉంది. ఈ మధ్య చిన్న పనులకు నన్ను ఒంటరిగా పంపుతున్నారు. ఒక్కోసారి ‘మెయిన్ ఆపక్కరలేదు, జాగ్రత్తగా చేసెయ్’ అని కూడా అంటున్నారు. సర్టిఫికెట్ వచ్చిన మర్నాడు నన్ను నేను ఎలక్ట్రీషియన్ అని చెప్పుకోగలనా? ఇక్కడే కొనసాగాలా, వేరే చోట చేరాలా?

సమాధానం: మీరు చివర్లో, దాదాపు మాటవరసకు చెప్పి వదిలేసిన సంగతితోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీ మిగతా ప్రశ్నలకు ఐదు నెలల వ్యవధి ఉంది, దీనికి రేపటి దాకా కూడా లేదు. మెయిన్ ఆపకుండా పని చేసెయ్యమని ఎవరు చెప్పినా, ఆ పని ఎంత చిన్నదైనా, దయచేసి ఒప్పుకోకండి. 230 వోల్టుల దగ్గర ఒక చేతి నుంచి మరో చేతికి మనిషి శరీరం చూపే నిరోధం సుమారు వెయ్యి ఓమ్‌లు ఉంటుంది. అంటే శరీరం గుండా పోయేది దాదాపు 230 మిల్లీ ఆంపియర్లు. పట్టుకున్న వైరును వదలలేని స్థితి సుమారు 10 మిల్లీ ఆంపియర్ల దగ్గరే మొదలవుతుంది, 30 దాటి కొంతసేపు కొనసాగితే గుండె లయ తప్పి ప్రాణం పోయే ప్రమాదం ఉంది. ఆ 230 మిల్లీ ఆంపియర్లు 60 వాట్ల బల్బు తీసుకునే కరెంటు కంటే తక్కువ కాబట్టి 16 ఆంపియర్ల ఎంసీబీకి (కరెంటు హద్దు మీరితే సర్క్యూట్‌ను ఆపేసే స్విచ్‌కి) అక్కడ ఏదో జరుగుతోందన్న సంగతే తెలియదు. వెళ్లిన కరెంటుకూ తిరిగి వచ్చిన కరెంటుకూ తేడా కనిపిస్తే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ ఉంది కదా అన్న ధైర్యమూ పనికిరాదు. ఎర్త్‌తో సంబంధం లేని చోట నిలబడి ఒక చేత్తో ఫేజును, మరో చేత్తో న్యూట్రల్‌ను తాకితే వెళ్లిన కరెంటు మొత్తం న్యూట్రల్ గుండానే తిరిగి వస్తుంది, అందులో తేడా కనిపించదు కాబట్టి ఆర్‌సీసీబీ పడదు, అంటే సరఫరా ఆపదు.

సరఫరా ఆపిన తర్వాత కూడా, వైరులో కరెంటు లేదని మీరు స్వయంగా పరీక్షించి చూసుకునేదాకా అందులో కరెంటు ఉన్నట్టే లెక్క. ఆ పరీక్షకు ఒక క్రమం ఉంది. ముందు ఆ సర్క్యూట్‌ను ఆపి, తెలియక మరొకరు ఆన్ చేయకుండా తాళం వేసి, మీ పేరు రాసిన హెచ్చరిక చీటీ కట్టి, తాళంచెవి మీ జేబులోనే పెట్టుకోవాలి. తర్వాత రెండు కొనలున్న వోల్టేజి టెస్టర్‌ను కరెంటు ఖాయంగా ఉన్న ఒక చోట పెట్టి, అది పనిచేస్తోందని చూడాలి. ఆ తర్వాత పని చేయబోయే చోట ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య, ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య విడివిడిగా చూడాలి. చివరగా మళ్లీ మొదటి చోటికే వెళ్లి టెస్టర్ ఇంకా పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. మధ్యలో దాని తీగ తెగి ఉంటే, అది చూపించిన సున్నాకు అర్థం లేదు. నియాన్ బల్బున్న స్క్రూడ్రైవర్ టెస్టర్‌ను ఈ పనికి నమ్మవద్దు. మీరు పొడి చెక్క నిచ్చెన మీద ఉన్నప్పుడు అది కరెంటు ఉన్నా సరిగా వెలగకపోవచ్చు, పక్కనే నడుస్తున్న మరో వైరు ప్రభావంతో కరెంటు లేని వైరు మీద మసకగా వెలగనూవచ్చు.

ఎంసీబీ ఆపినంత మాత్రాన కరెంటు పోని చోట్లు కూడా ఉంటాయి. ఇన్వర్టరు, జనరేటరు రెండో వైపు నుంచి సరఫరా ఇస్తాయి. వెలుతురు ఉన్నంతసేపు సౌర ఫలకాల డీసీ వైర్లలో వోల్టేజి ఉంటూనే ఉంటుంది. పెద్ద కెపాసిటర్లు సరఫరా ఆగాక కూడా ఛార్జిని పట్టుకుని ఉంటాయి. వీటన్నిటికంటే ఎక్కువగా కొత్తవారిని మోసం చేసేది, ఒక సర్క్యూట్ ఫేజుకు మరో సర్క్యూట్ న్యూట్రల్‌ను వాడిన పాత వైరింగ్. అక్కడ మీరు ఆపిన సర్క్యూట్‌లోనిదే అనుకుని ఒక న్యూట్రల్‌ను విప్పితే, ఇంకా నడుస్తున్న వేరే సర్క్యూట్ లోడు గుండా దాని విడిన కొనకు పూర్తి వోల్టేజి వస్తుంది. విప్పకముందు వోల్టేజి సున్నా చూపిస్తుంది కాబట్టి టెస్టర్ దీన్ని పట్టలేదు. అందువల్ల పాత కట్టడాల్లో న్యూట్రల్ విప్పేముందు వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటరుతో అందులో కరెంటు పారుతోందేమో చూడటం, విప్పిన వెంటనే మళ్లీ వోల్టేజి చూడటం అలవాటు చేసుకోండి. రంగులను మాత్రమే నమ్మకండి. ఆకుపచ్చ పసుపు చారల వైరు ఎర్త్‌కే వాడాలని ఎన్ని నియమాలున్నా, స్విచ్ నుంచి తిరిగి వచ్చే ఫేజుగా దాన్ని వాడేసినవాళ్లు ఉన్నారు.

ఇక మేస్త్రిగారికి ఏమని చెప్పాలన్న చిక్కు ఉంది. వాదన పెట్టుకోవలసిన పని లేదు. ‘ఆపే చేస్తానండీ, ఎంతసేపు ఆపాలో వాళ్లకు నేను చెబుతాను’ అనండి. ఆపడానికి వీల్లేదని అక్కడివాళ్లు అంటే ఆయనకు ఫోన్ చేసి, ఆ పని ఎప్పుడు ఆపి చేయవచ్చో ఆయన్నే మాట్లాడి కుదర్చమనండి. నిజంగా కరెంటు ఉండగానే చేయక తప్పని పనులు కొన్ని ఉంటాయి, అవి చాలావరకు కొలతలకు సంబంధించినవి. వాటికి ప్రత్యేకమైన పనిముట్లు, రక్షణ సామగ్రి, అనుభవం ఉన్న మరో మనిషి తోడు అవసరం. ఒంటరిగా వెళ్లిన అప్రెంటిస్ చేయవలసిన పనులు అవి కావు. అప్రెంటిస్‌ను ఏయే పనులకు ఒంటరిగా పంపవచ్చో మీరున్న చోట నియమాలు ఏం చెబుతున్నాయో కూడా ఈ వారంలోనే చదివి పెట్టుకోండి. ఆ అవగాహన ఉంటే మీ మాటకు బలం వస్తుంది.

ఇప్పుడు మీ అసలు బాధకు వస్తాను. వైర్లు లాగడం వచ్చి పరీక్షించడం రాకపోవడం మీ ఒక్కరి పరిస్థితి కాదు. పని తొందరలో ఉన్నప్పుడు అప్రెంటిస్‌కు బరువు పని ఇచ్చి, మీటరు పని అనుభవజ్ఞులు చేసుకోవడం చాలాచోట్ల జరిగేదే. అందులో దురుద్దేశం ఉండకపోవచ్చు, అయితే దానివల్ల మీ చేతికి రాకుండా పోయింది చిన్న భాగం కాదు. ఈ వృత్తిలో నిర్ణయం తీసుకునే భాగమంతా మీటరు దగ్గరే ఉంది. ఈ సర్క్యూట్‌కు సరఫరా ఇవ్వవచ్చా, ఈ ఎంసీబీ ఇక్కడ సరిపోతుందా, ఈ లోపం ఎక్కడుంది అన్న ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన మనిషే ఎలక్ట్రీషియన్. కాబట్టి మిగిలిన ఐదు నెలల్లో వేగం పెంచుకోవడం గురించి ఆలోచించకండి, అది తర్వాత దానంతట అదే వస్తుంది. తప్పు చేస్తే ఆపగల మనిషి మీ వెనుక నిలబడి ఉన్న ఈ కాలంలోనే, పరీక్షలు మీ చేత్తో చేసి, వాటి మీద నిర్ణయం మీ నోటితో చెప్పడం మొదలుపెట్టండి. ఐదు నెలల తర్వాత కూడా ఇదంతా నేర్చుకోవచ్చు, కానీ అప్పుడు వెనుక ఎవరూ ఉండరు.

దీన్ని నేర్చుకోవడానికి నాకు తెలిసిన మార్గాల్లో అన్నిటికంటే మంచిది ఒకటుంది. మీటరు పెట్టేముందే, అది ఎంత చూపించాలో లెక్కగట్టి కాగితం మీద రాయండి. ఆ తర్వాత కొలవండి. అంచనా లేకుండా చూసిన అంకె కంటిముందు మెరిసి పోతుంది, అంచనా వేసుకుని చూసిన అంకె మీకు ఏదో ఒకటి నేర్పుతుంది. ఉదాహరణకు ఒక సాకెట్ సర్క్యూట్‌లో 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి ఎర్త్ వైరు 30 మీటర్లు వెళ్లిందనుకోండి. ఒక మీటరు పొడవు, ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత వైశాల్యం ఉన్న రాగి తీగ నిరోధం 20 డిగ్రీల వద్ద సుమారు 0.0172 ఓమ్. దాన్ని 30తో గుణించి 2.5తో భాగిస్తే 0.2 ఓమ్ వస్తుంది. మీటరు తీగల నిరోధాన్ని ముందుగా సున్నా చేసి కొలిచినప్పుడు 0.2 దగ్గర వస్తే ఎర్త్ సవ్యంగా ఉన్నట్టు. 0.9 వస్తే చాలామంది ‘ఒక ఓమ్ కూడా లేదు కదా, బాగానే ఉంది’ అని ముందుకు వెళ్లిపోతారు. లెక్క రాసుకున్న మీరు మాత్రం, ఆ మిగిలిన 0.7 ఓమ్ ఎక్కడి నుంచి వచ్చిందని అడుగుతారు. అది దాదాపు ఎప్పుడూ ఏదో ఒక సాకెట్ వెనుక సగం బిగించిన స్క్రూ దగ్గరో, ఇన్సులేషన్ మీద బిగుసుకున్న టెర్మినల్ దగ్గరో దొరుకుతుంది.

అలాంటి వదులు జాయింటు ఫేజులో ఉంటే ఏమవుతుందో కూడా లెక్కగట్టి చూడండి. అర ఓమ్ నిరోధం ఉన్న జాయింటు గుండా 10 ఆంపియర్లు పారితే అక్కడ 50 వాట్ల వేడి పుడుతుంది. వేలి కొనంత టెర్మినల్‌లో అంత వేడి పుడితే ప్లాస్టిక్ నల్లబడి, మెత్తబడి, చివరికి అంటుకుంటుంది. పారేది 10 ఆంపియర్లే కాబట్టి ఎంసీబీ పడదు, లీకేజీ లేదు కాబట్టి ఆర్‌సీసీబీ కూడా పడదు. సాధారణమైన రక్షణ పరికరాలేవీ పట్టని ఈ లోపాన్ని ఆపగలిగింది, బిగించేటప్పటి మీ చెయ్యి, బిగించాక వైరును ఒకసారి లాగి చూసే మీ అలవాటు మాత్రమే. తయారీదారు చెప్పిన టార్క్ అంకె (స్క్రూను ఎంత బలంతో తిప్పి బిగించాలో చెప్పేది) ఉంటే టార్క్ స్క్రూడ్రైవర్‌తోనే బిగించండి. మీరు బోర్డులు బిగించడం వచ్చని రాశారు, అది చిన్న విద్య అనుకోకండి.

పరీక్షలకు ఒక వరుస ఉందని మీకు తరగతిలో చెప్పే ఉంటారు. తక్కువ వోల్టేజి వైరింగ్‌కు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60364లో ఆరో భాగం దీని గురించే చెబుతుంది, చాలా దేశాల నియమాలు దాని ఆధారంగానే రూపొందాయి. ముందు కంటితో తనిఖీ, తర్వాత సరఫరా లేకుండా చేసే పరీక్షలు, ఆ తర్వాతే సరఫరా ఇచ్చి చేసేవి. ఎర్త్ వైరు చివరిదాకా తెగకుండా ఉందని తేలకముందే సరఫరా ఇస్తే, ఎక్కడో ఫేజు తగిలి ఉన్న లోహపు పెట్టె పూర్తి వోల్టేజితో మీ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. వరుస ఎందుకు అలా ఉందో ఒక్కసారి అర్థమైతే, దాన్ని మళ్లీ బట్టీ పట్టవలసిన అవసరం రాదు.

వైర్ల పైపొర గుండా కరెంటు కారడం లేదని చూసే ఇన్సులేషన్ పరీక్షలో కొత్తవారు తడబడేది కొలవడంలో కంటే, కొలిచేముందు చేయవలసిన సన్నాహంలోనే. 230, 400 వోల్టుల సర్క్యూట్లకు 500 వోల్టుల డీసీతో పరీక్షించి, కనీసం ఒక మెగా ఓమ్ రావాలని ఆ ప్రమాణం చెబుతుంది. పొడిగా ఉన్న కొత్త వైరింగ్‌లో నిజానికి వందల మెగా ఓమ్‌లు వస్తాయి, కాబట్టి కొత్త సర్క్యూట్‌లో రెండు మెగా ఓమ్‌లు వచ్చి ‘పాస్’ అయిందంటే సంతోషించకుండా ఎక్కడో తేమో, నలిగిన వైరో ఉందని అనుమానించాలి. బల్బులు తీయకపోయినా, లోడులు విడదీయకపోయినా, ఒక్కసారిగా పెరిగే వోల్టేజిని అడ్డుకునే సర్జ్ ప్రొటెక్టర్‌ను విప్పకపోయినా అంకె తప్పుగా తక్కువ వస్తుంది, సున్నితమైన ఎలక్ట్రానిక్ పరికరాలైతే ఆ 500 వోల్టులకు పాడవుతాయి. వాటిని విడదీయడం కుదరని చోట ఫేజునూ న్యూట్రల్‌నూ కలిపి, ఎర్త్‌తో మాత్రమే పరీక్షించాలి. స్విచ్‌లన్నీ ఆన్‌లో ఉండాలి, మెట్ల దగ్గరి టూ వే స్విచ్‌లను రెండు స్థానాల్లోనూ చూడాలి, లేకపోతే సగం వైరు పరీక్షకే రాదు. పరీక్ష ముగిశాక పొడవాటి కేబుల్‌లో ఛార్జి మిగిలి ఉంటుంది, మీటరు దాన్ని పూర్తిగా దింపేదాకా చేయి పెట్టకండి.

లూప్ ఇంపెడెన్స్ గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇది అర్థమైన రోజున ఎంసీబీ ఎంపిక మొత్తం అర్థమవుతుంది. ఫేజు వైరు ఒక పరికరం లోహపు ఒంటికి తగిలినప్పుడు, కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఫేజు వెంట వచ్చి, ఆ లోహంలోకి దిగి, ఎర్త్ వైరు వెంట మళ్లీ ట్రాన్స్‌ఫార్మర్‌కు చేరుతుంది. ఆ దారి మొత్తానికి ఉన్న నిరోధమే లూప్ ఇంపెడెన్స్, అది ఎంత తక్కువైతే అంత పెద్ద కరెంటు పారుతుంది, అంత త్వరగా ఎంసీబీ పడుతుంది. సరఫరా సంస్థ ఎర్త్‌ను తీగ ద్వారానే అందించే టీఎన్ వ్యవస్థలో, 230 వోల్టుల చివరి సర్క్యూట్లకు ఇది 0.4 సెకను లోపల జరగాలి. బి రకం ఎంసీబీ తన రేటింగుకు 3 నుంచి 5 రెట్ల మధ్య, సి రకం 5 నుంచి 10 రెట్ల మధ్య వెంటనే పడతాయి. కచ్చితంగా పడాలంటే పై అంకెనే లెక్కలోకి తీసుకోవాలి. కాబట్టి 16 ఆంపియర్ల బి రకానికి 80 ఆంపియర్లు కావాలి, అంటే లూప్ 2.87 ఓమ్‌లు దాటకూడదు. అదే 16 ఆంపియర్ల సి రకానికి 160 ఆంపియర్లు కావాలి, లూప్ 1.44 ఓమ్‌ల లోపల ఉండాలి. పైగా ఇవి సిద్ధాంతపు హద్దులు. వైరు వేడెక్కితే నిరోధం పెరుగుతుంది కాబట్టి, చల్లని వైరు మీద కొలిచిన అంకె వీటికంటే బాగా తక్కువగా ఉండాలి.

ఇప్పుడు మీరు తప్పక చూడబోయే ఒక సందర్భం. మోటారు ఆన్ చేసినప్పుడల్లా 16 ఆంపియర్ల బి రకం ఎంసీబీ పడిపోతోందని ఫిర్యాదు వస్తుంది. ఎవరో ఒకరు దాన్ని తీసి అదే రేటింగు సి రకం పెడతారు. మోటారు చక్కగా నడుస్తుంది, అందరూ సంతోషిస్తారు. అక్కడ లూప్ 2 ఓమ్‌లు ఉందనుకోండి. లోపం వచ్చినప్పుడు పారేది 115 ఆంపియర్లు. బి రకం అయితే తక్షణమే పడేది. సి రకానికి 115 అంటే రేటింగుకు ఏడు రెట్లు, పడితే పడవచ్చు, లేదంటే లోపలి ఉష్ణ భాగం వేడెక్కేదాకా కొన్ని సెకన్లు ఆగవచ్చు, అంతసేపూ మోటారు ఒంటి మీద ప్రమాదకరమైన వోల్టేజి ఉంటుంది. మార్చిన మనిషి మీటరు తీసి లూప్ కొలిచి ఉంటే ఈ మార్పు అక్కడ కుదరదని ఒక్క నిమిషంలో తెలిసేది. సి రకం పెట్టడం తప్పు కాదు, కొలవకుండా పెట్టడం తప్పు. ఎర్త్‌ను నేలలో పాతిన సొంత కడ్డీ ద్వారా తీసుకునే టీటీ వ్యవస్థలో లూప్ పదుల ఓమ్‌లలో ఉంటుంది కాబట్టి, అక్కడ లోపం వస్తే ఎంసీబీ పడుతుందని ఆశించడమే పొరపాటు, ఆ బాధ్యత ఆర్‌సీసీబీది. మీరు పని చేస్తున్న చోట ఏ వ్యవస్థ ఉందో మెయిన్ దగ్గర చూసి చెప్పగలరా? చెప్పలేకపోతే మేస్త్రిగారిని అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే. లూప్ పరీక్ష సరఫరా ఉండగానే చేయాలి కాబట్టి, మొదట ఆయన పక్కనుండగానే, ఆ చోటుకు తగిన కేటగిరీ రేటింగు (వోల్టేజి ఒక్కసారిగా ఎగిసినా తట్టుకునే స్థాయి) ఉన్న మీటరుతో చేయండి. బోర్డుల దగ్గర అది కేటగిరీ మూడుకు తగ్గకూడదు.

ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ బటన్ నొక్కితే పరీక్ష అయిపోయినట్టు కాదు. ఆ బటన్ లోపలి యంత్రాంగం కదులుతోందని మాత్రమే చెబుతుంది, ఎర్త్ వైరు తెగి ఉన్నా అది పనిచేస్తుంది. మీటరుతో చూసినప్పుడు 30 మిల్లీ ఆంపియర్ల సాధారణ రకం తన రేటింగు కరెంటుకు 300 మిల్లీ సెకన్ల లోపల, ఐదు రెట్ల కరెంటుకు 40 మిల్లీ సెకన్ల లోపల పడాలి.

లోపాలు వెతకడం గురించి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదని రాశారు. పనిముట్లు తీయకముందు ఏం జరిగిందో పూర్తిగా వినండి, ఎందుకంటే రక్షణ పరికరం ఎలా పడిందన్నదే సగం జవాబు చెబుతుంది. ఆన్ చేయగానే ఎంసీబీ పడితే షార్ట్ ఉన్నట్టు, పది నిమిషాల తర్వాత పడితే లోడు ఎక్కువైనట్టు, ఆర్‌సీసీబీ మాత్రమే పడితే ఎర్త్‌లోకి లీకేజీ ఉన్నట్టు అనుకుని మొదలుపెట్టవచ్చు. ఆర్‌సీసీబీ విషయంలో ఒక సంగతి చాలామందిని గంటల తరబడి తిప్పుతుంది. ఎంసీబీలన్నీ ఒక్కొక్కటిగా ఆపి చూసినా ఆర్‌సీసీబీ నిలవడం లేదంటే, న్యూట్రల్ ఎక్కడో ఎర్త్‌ను తాకుతోందేమో చూడాలి. ఒకే పోల్ ఉన్న ఎంసీబీ ఫేజును మాత్రమే ఆపుతుంది, లోపం ఉన్న న్యూట్రల్ మాత్రం న్యూట్రల్‌లన్నీ కలిసే బస్‌బార్‌కు తగులుకునే ఉంటుంది. అప్పుడు మెయిన్ ఆపి, న్యూట్రల్‌లను ఒక్కొక్కటిగా విడదీసి ఎర్త్‌తో మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెడితే దోషి దొరుకుతుంది. పొడవాటి సర్క్యూట్‌లో లోపం ఉంటే చివరి నుంచి ఒక్కొక్క పాయింటూ విప్పుకుంటూ రాకండి. మధ్యలో ఒక చోట విడదీసి రెండు వైపులా కొలిస్తే సగం సర్క్యూట్ ఒక్కసారిగా నిర్దోషిగా తేలిపోతుంది, మిగతా సగాన్ని మళ్లీ సగం చేయవచ్చు. పదహారు పాయింట్లున్న సర్క్యూట్‌లో ఇలా నాలుగు చోట్ల చూస్తే చాలు.

మూడు ఫేజుల బోర్డులో న్యూట్రల్ గురించి మాత్రం విడిగా హెచ్చరించాలి. ఉమ్మడి న్యూట్రల్ వదులైతే ఒక ఫేజు మీది లోడూ మరో ఫేజు మీది లోడూ 400 వోల్టుల మధ్య వరుసగా కలిసిపోతాయి. ఒక వైపు 1000 వాట్ల హీటరు, మరో వైపు 100 వాట్ల లోడు ఉంటే, ఆ చిన్న లోడు మీద సుమారు 364 వోల్టులు పడతాయి. పెద్ద లోడు మసకబారుతుంది, చిన్నది కాలిపోతుంది. ‘కొన్ని లైట్లు మసకగా, కొన్ని మరీ ఎక్కువగా వెలుగుతున్నాయి’ అన్న మాట వినగానే వెంటనే మెయిన్ ఆపమని చెప్పండి, కారణం తర్వాత వెతకవచ్చు. పరీక్ష కోసం మీరు విప్పిన న్యూట్రల్‌ను మళ్లీ బిగించారో లేదో సరఫరా ఇచ్చేముందు చూసుకోవలసింది కూడా ఇందుకే.

ఇవన్నీ చదివాక భయం పెరిగిందేమో. పెరగవలసిన అవసరం లేదు, ఎందుకంటే వీటిలో ప్రతి ఒక్కటీ మీరు ఇప్పటికే లాగిన వైర్ల గురించే, మీకు తెలియని వస్తువు ఒక్కటీ లేదు. అడగడానికి వెనుకాడుతున్నానన్నారు. మేస్త్రిగారి వైపు నుంచి ఆలోచించండి. ప్రశ్నలు అడిగే అప్రెంటిస్‌తో ఆయనకు నాలుగు నిమిషాలు పోతాయి. తెలియకపోయినా తెలిసినట్టు తల ఊపే అప్రెంటిస్‌ను మాత్రం ఆయన నిశ్చింతగా ఎక్కడికీ పంపలేరు. అయితే ‘నాకు పరీక్షలు రావు, నేర్పండి’ అని మొత్తంగా అడిగితే తొందరలో ఉన్న మనిషికి ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. ‘ఈ బోర్డు పరీక్ష నేను చేస్తానండీ, అంకెలు ముందే లెక్కగట్టాను, మీరు పక్కనుండి చూసి తప్పుంటే ఆపండి’ అని చేతిలో కాగితంతో అడగండి. ఆయన ‘ఇన్నాళ్లూ ఏం నేర్చుకున్నావు’ అన్నా అననివ్వండి. ఆ మాట ఒక్క క్షణం గుచ్చుకుంటుంది, మీటరు మాత్రం మీ చేతికి వస్తుంది. మొదటివారం ఎర్త్ కంటిన్యుటీ (ఎర్త్ వైరు చివరిదాకా తెగకుండా ఉందో లేదో చూసే పరీక్ష) ఒక్కటే చేయండి, అది చేతికి పట్టుబడ్డాక ఇన్సులేషన్, ఆ తర్వాత లూప్, ఆర్‌సీసీబీ. చేసిన ప్రతి పరీక్షకూ మీ అంచనా, వచ్చిన అంకె, తేడాకు కారణం ఒక పుస్తకంలో రాసుకోండి.

ఇందులో ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. మీరు కొలవని అంకెను పరీక్షా పత్రంలో ఎవరు రాయమన్నా రాయకండి, మీరు చేయని పరీక్ష కింద సంతకం చేయకండి. పక్క సర్క్యూట్ అంకెలనే కాస్త మార్చి నింపేయడం కొన్నిచోట్ల అలవాటుగా నడుస్తూ ఉంటుంది. ఆ కాగితాన్ని నమ్మి రేపు మరో ఎలక్ట్రీషియన్ ఆ బోర్డులో చేయి పెడతారు, ఆ ఇంట్లో పిల్లలు ఆ గీజరు కింద నీళ్లు పోసుకుంటారు.

సర్టిఫికెట్ వచ్చిన మర్నాడు ఎలక్ట్రీషియన్ అని చెప్పుకోగలనా అని అడిగారు. ఒక సాదా సర్క్యూట్‌ను కంటి తనిఖీ నుంచి ఆర్‌సీసీబీ పరీక్ష దాకా ఎవరి సాయమూ లేకుండా పరీక్షించి, దానికి సరఫరా ఇవ్వవచ్చో లేదో కారణంతో చెప్పగలిగితే చెప్పుకోవచ్చు. పెద్ద ప్యానెళ్లు, మోటారు కంట్రోలు, సౌర వ్యవస్థలు ఆ తర్వాత ఏళ్ల తరబడి నేర్చుకునేవే. అవి రానంత మాత్రాన మీరు తక్కువవారు కారు, రావని చెప్పి ఆ పని ఒప్పుకోకుండా ఉండగలిగితే చాలు.

ఇక్కడే ఉండాలా, మారాలా అన్నది ఇప్పుడే తేల్చకండి. మీరు మీటరు అడిగాక, మెయిన్ ఆపే చేస్తానని చెప్పాక, వచ్చే నెల రోజుల్లో ఎదుటి నుంచి ఏం వస్తుందో చూడండి. పరీక్షలు చేయనిచ్చి, తప్పులు సరిదిద్దుతుంటే, శిక్షణ తర్వాత ఇంకో ఏడాది ఆయన దగ్గరే ఉండటం మీకు మేలు, ఎందుకంటే మీ పని తీరు తెలిసిన మనిషి పక్కనుండగా మొదటిసారి సొంత బాధ్యత తీసుకోవడం వేరే చోట దొరకని వసతి. ఆపకుండా చేయమని మళ్లీ మళ్లీ ఒత్తిడి చేస్తే మాత్రం శిక్షణ పూర్తయ్యేదాకా కూడా ఆగకండి, శిక్షణను పర్యవేక్షించే సంస్థతో మాట్లాడి మిగిలిన నెలలు వేరే చోట పూర్తి చేసే వీలుందేమో అడగండి. కొత్త చోటు వెతుక్కుంటే, కొత్త కట్టడాల పని మాత్రమే చేసే చోటు కంటే నిర్వహణ, మరమ్మతు పనులు కూడా ఉన్న చోటు ఎంచుకోండి, లోపాలు వెతకడం అక్కడే త్వరగా వస్తుంది. చేరేముందు జీతంతో పాటు మరో మూడు సంగతులు అడగండి: పరీక్షలు ఎవరు చేస్తారు, మీటర్ల కాలిబ్రేషన్ (అంకెలు సరిగా చూపిస్తున్నాయో లేదో చేసే తనిఖీ) ఎప్పుడు చేయించారు, ఒంటరిగా ఉన్నప్పుడు చిక్కు వస్తే ఎవరికి ఫోన్ చేయాలి.